టీచరమ్మకు చెప్పిన అబద్ధం

కౌకూర్ టీచరమ్మ పోయారని పోయిన వారం ఆమె కూతురు ఫోన్ చేసింది. "పొద్దుగాల ప్రార్థన జేస్కుంట కూసున్నది తమ్ముడూ, అట్లనే ఒరిగింది" అంది. నేను మేడ్చల్ అవతల ఎవరికో ప్లాటు చూపిస్తున్నాను. చేతిలో ఉన్న లేఅవుట్ నక్షా మడిచేసి, మళ్లీ చూద్దామని చెప్పి పంపేశాను. ఆమె నాకు చుట్టం కాదు. నేను ఆమె ఇల్లు అమ్మిపెట్టిన ఏజెంటును, అంతే.

ఇళ్లు చూపించే పనిలో పెంపుడు జంతువులు ఎక్కడ ఎదురవుతాయో చెప్పలేం. కీసరలో ఒక చిలుక, ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లను "పోండి, పోండి" అని తరిమింది. ఇంకో ఇంట్లో బాత్రూం తలుపు తీస్తే బకెట్లో తాబేలు. అవన్నీ దోస్తులకు చెప్పి నవ్వించాను. టీచరమ్మ పిల్లి సంగతి మాత్రం ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు గోడ బీరువా ఎంత లోతుందో చూపిద్దామని తెరిచాను. చీరల మడతల్లోంచి తెల్లపిల్లి నా భుజం మీదికి దూకింది. ఇల్లు చూడ్డానికి వచ్చిన దంపతులు మళ్లీ కనిపిస్తే ఒట్టు. టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని "సెప్పకుండ దాని అర్రలకు పోయింది నువ్వు గాదా బిడ్డా?" అన్నారు. ఏళ్ల తరబడి బడిపిల్లలను కూర్చోబెట్టిన గొంతు అది. పిల్లికి సారీ చెప్పాను. తర్వాత ఎప్పుడు వెళ్లినా నా ముందు చాయ్ పెట్టేవారు. "ముందుగాల తాగు, ఇల్లు యాడికి పోతది" అనేవారు. ఒకసారి నా చొక్కా గుండీ ఊడితే తనే కుట్టి పంపారు.

ఆ బేరం పోయాక నాకు బుద్ధి వచ్చిందనుకున్నాను. తర్వాత వచ్చినవాళ్ల దగ్గర పిల్లి ఊసే ఎత్తలేదు. పిల్లి ఎదురొస్తే అపశకునమంటారు, శకునం చెడితే బేరం చెడుతుంది. మా పనిలో అందరం ఇంతే.

ఇల్లు అమ్ముడై, సామాను లారీకి ఎక్కిస్తున్న రోజు చప్పుళ్లకు బెదిరి పిల్లి పారిపోయింది. నాగారంలో కూతురింటికి వెళ్తూ టీచరమ్మ నా చేయి పట్టుకున్నారు. "అది ఇల్లు మర్వది బిడ్డా, మల్లొస్తది. వంటింటి కిటికీ కొన్ని దినాలు తీసి పెట్టుమని కొత్తోళ్లకు జెప్పు. రాంగనే ఫోన్ జెయ్యి, వచ్చి తీస్కపోత."

సరే అన్నాను. ముందు గృహప్రవేశం అయిపోనీ, అప్పుడు చెబుదాంలే అనుకున్నాను. అది అయ్యేసరికి వాళ్లు దోమలకని కిటికీలకు జాలీ కొట్టించారు. ఇక ఏం చెబుతామని ఊరుకున్నాను.

ఆమె రోజూ ఫోన్ చేసేవారు. విసుగొచ్చి ఒకరోజు "వచ్చింది టీచరమ్మా. వాళ్లే పాలు వోస్తున్నరు, మంచిగ అలవాటైంది" అన్నాను. "అయితే గాడనే ఉండనియ్యి. దాన్ని మల్ల పరేషాన్ జెయ్యొద్దు" అన్నారు. ఫోన్ల బెడద తీరిందని ఆ రోజు నాకు హాయిగా అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

చర్చిలో ఆమె కోసం పెట్టిన ప్రార్థన ముగిశాక కూతురు నా చేతికి ఒక కొత్త చీర ఇచ్చింది. "పిల్లిని సాదుతున్నామెకు ఇయ్యుమన్నది అమ్మ." అక్కడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేక, చీర పట్టుకుని కౌకూర్ వెళ్లాను. ఇల్లు కొన్నావిడకు గేటు దగ్గరే అంతా చెప్పేశాను.

"తెల్లదా?" అంది ఆవిడ. "మేమొచ్చిన కొత్తల వారం దినాలు ఒర్రుకుంట తిరిగిందన్నా. ఎవలదో అనుకొని ఎల్లగొట్టినం. ఒక్క మాట జెప్తే ఏమైతుండె? మాకు శకునాల పట్టింపే లేకపాయె."

ఆవిడ చీర తీసుకోలేదు. నన్ను ఇంటి వెనక్కి తీసుకెళ్లి వంటింటి కిటికీ చూపించింది. జాలీ కింది మూలన గోళ్లతో లాగిన దారాలు ఇంకా వేలాడుతున్నాయి.