అత్తయ్యగారి గుండె చప్పుడు

కంటి శుక్లం తీయించుకోవడానికి మా అత్తయ్యగారు బెంగళూరు శివారు వర్తూరులో మా ఇంటికి వచ్చారు. ఆమెది బెంగళూరులో తరాలుగా చీరల కొట్టు నడిపిన తెలుగు కుటుంబం. నాది గుంటూరు వైపు. పెళ్ళయి చాలా ఏళ్ళయినా మా ఇద్దరి మధ్య మర్యాదే ఎక్కువ, మాటలు తక్కువ.

కంటి ఆపరేషన్‌కు ముందు గుండె చూపించుకు రమ్మన్నారు. నా భార్యకు ఆఫీసులో తప్పని మీటింగు ఉండడంతో నేనే తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. మెడ దగ్గర కూడా విని, "మర్మర్ వినిపిస్తోంది" అంది.

నేను కుర్చీ అంచుకు జరిగాను. అత్తయ్యగారు మాత్రం తాపీగా, "అంటే ఏందమ్మా?" అని అడిగారు.

గుండెలో రక్తం సుడి తిరుగుతూ పోతే వచ్చే చప్పుడట. అది వినిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదట. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో, గర్భిణుల్లో, ఒంట్లో రక్తం తగ్గినవాళ్ళలో కూడా వినిపిస్తుందట. గుండె కవాటం ఇరుకైనా, సరిగా మూసుకోకపోయినా కూడా వస్తుందట. ఏ కారణమో తెలియాలంటే ఎకో, అంటే గుండెకు స్కాను, తీయాలంది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అమ్మా?"

"ఏమీ లేదమ్మా. బాగానే ఉండాను."

మా లిఫ్టు పాడైన రోజుల్లో ఆమె మెట్ల మధ్య కిటికీ దగ్గర ఆగి, "అది ఏం చెట్టప్పా?" అని అడిగేవారు. చెట్లంటే ఇష్టం కాబోలనుకునేవాణ్ణి.

"మధ్యలో ఆగుతారండీ" అన్నాను డాక్టరమ్మతో. అత్తయ్యగారు తల దించుకున్నారు.

ఎకో గది బయట కూర్చున్నప్పుడు అడిగాను. "మాకెందుకు చెప్పలేదు?"

"అల్లుడింటికి వచ్చి రోగమని ఎట్ల చెప్పేదప్పా? మీరు సెలవు పెడతారు, అది ఆఫీసు మానుకుంటాది. అందరికీ తొందర."

తొందర అంటే కన్నడంలో ఇబ్బంది. ఆమె మాటల్లో కన్నడం అలా కలిసిపోతుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అంతకుముందు ఎప్పుడూ పట్టుకోలేదు. ఆమె వెనక్కి తీసుకోలేదు.

కవాటం వయసుతో గట్టిపడి కొంత ఇరుకైందని ఎకోలో తేలింది. రక్తం కూడా తక్కువగా ఉంది. ఆయాసంలో కొంత దాని వల్లేనని డాక్టరమ్మ చెప్పింది. అదెందుకు తగ్గిందో చూడడానికి పరీక్షలు రాసి, మాత్రలిచ్చింది. కవాటానికి ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, క్రమం తప్పకుండా ఎకో తీయించుకుంటే చాలంది. ఆయాసం పెరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడినా వెంటనే రావాలని గట్టిగా చెప్పింది.

రక్తం కాస్త పెరిగాక శుక్లం తీశారు. మర్నాడు కంట్లో చుక్కలు వేయాల్సి వచ్చింది. నా భార్య స్నానానికి వెళ్ళింది. అత్తయ్యగారు దిండు మీద తల వాల్చి, నన్నే పిలిచారు.

"నువ్వే వెయ్యప్పా. అది తొందరపడి బుగ్గ మీద పోస్తాది."

ఇన్నేళ్ళలో ఆమె నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. చుక్కల సీసా మూత తీశాను. మొదటి చుక్క నేనూ బుగ్గ మీదే పోశాను.