ఆర్గాన్ తిత్తుల ఆది కోసం తార్నాక దాకా

మా పాలకొల్లు చర్చిలో ఒక మడత ఆర్గాన్ ఉంది. మూస్తే పెద్ద ట్రంకు పెట్టె, తెరిస్తే కాళ్లతో తొక్కుతూ వాయించే ఆర్గాన్. దొరల కాలంలో పడవల మీదా ఎడ్లబళ్ల మీదా ఊరూరూ తిరిగిన పెట్టె అది. చాలా ఏళ్లుగా ఆదివారాలు దాన్ని వాయించేది నేనే. మిగతా రోజుల్లో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఈ వానాకాలంలో దాని తిత్తులు పూర్తిగా చినిగిపోయాయి. ఎంత తొక్కినా గాలి నిలవదు. పాట రెండో చరణానికి వచ్చేసరికి నా ఊపిరీ దాని ఊపిరీ కలిసే ఆగిపోయేవి. చర్చి కమిటీ కూర్చుని, కోతకాలపు పండుగ ఆదివారానికి అది పలికితే సరి, లేకపోతే కీబోర్డు కొని దీన్ని పాత సామాన్ల గదిలో పెట్టేద్దామని తీర్మానించింది. ఆ గదిలోకి వెళ్లిన వస్తువు తిరిగి రావడం నేనైతే ఇంతవరకూ చూడలేదు.

ఇంగ్లండ్‌లో ఇలాంటి ఆర్గాన్లంటే ప్రాణం పెట్టేవాళ్లు ఒక సంఘంగా ఏర్పడి, మూడు నెలలకోసారి ఒక పత్రిక వేస్తారు. స్వరం పలికే ఇత్తడి రేకును ఎలా తుడవాలన్న సంగతి మీదే ఆరు పేజీలు రాయగల ఓపికమంతులు వాళ్లు. అచ్చం మా పెట్టెలాంటి మడత ఆర్గాన్‌కు కొత్త తిత్తులు వేసే విధానం ఒక పాత సంచికలో వచ్చిందని ఇంటర్నెట్‌లో విషయసూచిక చూసి తెలుసుకున్నాను. తెలుసుకోవడం తేలికే, తెప్పించుకోవడానికే తల ప్రాణం తోకకొచ్చింది. పాత సంచికలు బయటి దేశాలకు పంపడం మానేశామని సంఘంవాళ్లు చాలా మర్యాదగా రాశారు. అక్కడి పాత పుస్తకాలాయన పంపానన్న సంచిక ఏ సముద్రంలో ఈదుతోందో నాకు తెలియదు. చివరికి చర్చి సంగీతకారుల ఫోన్ గ్రూపులో ఎవరో చల్లగా చెప్పారు, హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో ఆ పత్రిక బైండు సంపుటాలు ఉన్నాయని. మా హెడ్మాస్టరు గారి చేత బయటి పాఠకురాలిగా అనుమతి కోరుతూ లెటర్ రాయించుకుని శుక్రవారం రాత్రి రైలెక్కాను. మీరు వెళ్లినా ఆ లెటరూ ఆధార్ కార్డూ మరిచిపోకండి, గేటు దగ్గర మొదటి ప్రశ్న అదే.

తెల్లవారి సికింద్రాబాద్‌లో దిగి, వెయిటింగ్ రూమ్‌లో స్నానం ముగించి, స్టేషన్ బయటే మెట్రో ఎక్కాను. తార్నాక రెండో స్టేషన్. టికెట్ ఖర్చు ఒక టీ, ఒక సమోసా అంత. కిందికి దిగితే కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టల్ పిల్లలు, ఇడ్లీ బండ్ల పొగ. క్యాంపస్ లోపలి దాకా ఆటో అతను అరవై రూపాయలు అడిగాడు. "లైబ్రరీ పదింటిదాంక తెరువరు మేడం. గిప్పుడే పోయి ఏం జేస్తరు? టిఫిన్ జేసి పోండ్రి" అని తన బేరాన్ని తనే చెడగొట్టుకున్నాడు. అలాంటి మనిషి ఆటో కాక ఇంకెవరిది ఎక్కుతాం? దోశ తిని వచ్చి అతని ఆటోలోనే వెళ్లాను. లోపల చెట్ల కింద నున్నటి రోడ్లు, బండల మీద పుస్తకాలు పరుచుకుని పోటీ పరీక్షలకు చదివేవాళ్లు. అంత నిశ్శబ్దంగా అంతమంది ఒకచోట ఉండడం చూసి, ఎనిమిదో తరగతి టీచర్నైన నాకు చెప్పలేని అసూయ కలిగింది.

పత్రికల విభాగంలో శ్రీనివాస్ గారని ఒకాయన ఉన్నారు. నా చీటీ చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "ఈ పత్రిక అడిగినోళ్లు ఇప్పటిదాంక ఎవ్వరు లేరు మేడం. దుమ్ము నేనే దులుపుత, మల్ల నేనే పెడ్త" అంటూ ఎర్ర అట్టల సంపుటం తెచ్చి, నిజంగానే ఒకసారి దులిపి నా ముందు పెట్టారు. గబగబా పేజీలు తిప్పాను. వ్యాసం ఉంది! ఎంత బాగా రాశాడో ఆ మనిషి. పాత గుడ్డ ఊడదీయడం, జిగురు కాచడం, మడతలు ఎటు తిరగాలో, పక్కన పిల్లి ఉంటే దాన్ని ఏ గదిలో పెట్టాలో కూడా చెప్పాడు. అసలు సంగతికి వచ్చేసరికి మాత్రం ముక్కల పొడవులే రాశాడు, వాటి ఆకారానికి ప్రతిచోటా ఒకటే మాట: గుడ్డను ఈ సంచికతో ఇచ్చిన పెద్ద షీటు ప్రకారం కత్తిరించండి. షీటు ఎక్కడ? ముందుకీ వెనక్కీ తిప్పాను. లేదు. శ్రీనివాస్ గారు వచ్చి సంపుటం వెన్ను చూసి నిట్టూర్చారు. బైండింగ్‌కు ఇచ్చినప్పుడు అట్టలు, ప్రకటనలు, మధ్యలో విడిగా ఉన్న కాయితాలు తీసేసి కుట్టడం అప్పట్లో బైండరు పద్ధతట. సంవత్సరానికి ఒక పుస్తకం చక్కగా వచ్చింది, నాకు కావలసింది మాత్రం చెత్తబుట్టలోకి పోయింది.

ఊరి నుంచి ఇంత దూరం వచ్చి, వ్యాసం చేతిలో ఉండి, ముక్కల ఆకారం తెలియక వెనక్కి వెళ్లడమా? అక్కడే కుర్చీలో కూలబడ్డాను. నా మొహం చూసి ఆయనకు జాలేసిందేమో, "ఇవన్ని మాకు దానమిచ్చిన సారు ఇక్కడే తార్నాకల ఉంటడు. ఉండుండ్రి, ఫోన్ జేసి అడుగుత" అన్నారు. అడిగారు. రమ్మన్నారు. వ్యాసం జిరాక్స్ తీయించుకుని బయటపడ్డాను.

ఆ సారు, ప్రకాశం గారు, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరై, తార్నాకలో ఒక పాత ఫ్లాట్‌లో భార్య రూతమ్మ గారితో ఉంటున్నారు. తలుపు తీయగానే ముందు గదిలో కనిపించింది మా ఆర్గాన్‌కు తోడబుట్టినది! అదే కంపెనీ, అదే మడత పెట్టె. "వందనాలండి" అన్నానో లేదో, "వందనాలు బిడ్డా, ముందుగాల జెర వాయించు, ఆ తర్వాత మాట్లాడుకుందం" అన్నారాయన. తొక్కాను. గాలి ఎంత నిండుగా వచ్చిందంటే రెండో చరణం ఎప్పుడు దాటానో తెలియలేదు. ఒక్క చోట కూడా లీకు లేదు. మా పెట్టె కూడా ఒకప్పుడు ఇలాగే పలికి ఉంటుంది కదా అనిపించింది.

ఆ పత్రిక ఆయనకు సముద్రం టపాలో వచ్చేదట. క్రిస్మస్ సంచిక మండుటెండల్లో అందేదని, చెమటలు కారుతుండగా మంచు బొమ్మల మధ్య క్రిస్మస్ కీర్తనలు చదువుకునేవాడినని చెప్పి నవ్వారు. చెదలకు భయపడి సంచికలన్నీ లైబ్రరీకి ఇచ్చేశారు. షీటు లేదని నేను చెప్పగానే మాత్రం ఆయన నవ్వు ఆగిపోయింది. "షీటు గూడ అండ్లనే పెట్టి ఇచ్చిన గదా బిడ్డా. నా చేతులతోని మడిచి పెట్టిన" అంటూ కిటికీ వైపు తిరిగిపోయారు. అడిగి ఆయన్ని నొప్పించానని నామీద నాకే కోపం వచ్చింది.

వంటింట్లోంచి రూతమ్మ గారి గొంతు వినిపించింది. "ఏ షీటు? ఈ పెట్టె తిత్తులదేనా? దాని ఆది నా దగ్గర ఉన్నది గదా!"

చేయి తుడుచుకుంటూ వచ్చి, కుట్టు మిషను కింద ఉన్న ఇనప పెట్టె లాగారు. తెలుగు ఇళ్లలో జాకెట్లు కుట్టే ఆడవాళ్లందరి దగ్గరా ఉండే నిధే అందులోనూ ఉంది: పాత న్యూస్‌పేపర్లలో కత్తిరించిన ఆదులు. చేతులు, వీపులు, మెడలు, ఒక్కో కట్ట మీద ఒక్కో పేరు. పెద్ద కోడలు. పాస్టరమ్మ. స్టెల్లా టీచర్. అడుగున దారంతో కట్టిన లావుపాటి కట్ట మీద "సారు పెట్టె" అని ఉంది. "ఈయన ఆ ఇంగ్లండు కాయితాన్నే గుడ్డ మీద పెట్టి కత్తెరతోని కోస్తనన్నడు. అంత మంచి కాయితం ఎవరన్న కోస్తరా? నేనే పేపర్ మీద గీసుకొని, ఆది తీసి కుట్టిన. ఇగో, ఈ మడత దగ్గర ఒక వేలంత ఎక్కువ పెట్టిన, లేకుంటే గుంజుకపోతది" అన్నారామె. ప్రకాశం గారు నావైపు చూసి, "గామె పేరు వ్యాసంల లేదు గనీ, గీ పెట్టెల గాలంత గామెదే" అన్నారు. ఆమె సిగ్గుపడలేదు. "మరి?" అన్నారు, అంతే!

లెక్కల టీచరు బుద్ధి ఊరుకుంటుందా? టేపు అడిగి, వ్యాసంలో రాసిన పొడవులతో ఒక్కో ముక్కా కొలిచి చూశాను. ఆమె ఎక్కువ పెట్టానన్న వేలంత తప్ప అన్నీ సరిపోయాయి. పప్పుచారు, చేపల పులుసు పెట్టి, తిన్నాకే గీయనిచ్చారు. నేల మీద ఆ రోజు పేపరు పరిచి నాకో ఆది గీసుకుంటుంటే, రూతమ్మ గారు ఇంకో పేపరు నా పక్కన పరిచారు. "లైబ్రరీ కోసం గూడ ఒకటి గియ్యి బిడ్డా. మల్ల ఎవరన్న వస్తే?" అన్నారు. రెక్సిన్ మాత్రం కొనొద్దు, మడతల్లో పగులుతుంది, రబ్బరు పూత ఉన్న పల్చటి నూలుగుడ్డే వెతుక్కో అని గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పారు.

లైబ్రరీ మూసేలోపు మళ్లీ క్యాంపస్‌కు పరుగెత్తాను. శ్రీనివాస్ గారు ఆ న్యూస్‌పేపర్ ముక్కల్ని తిప్పి తిప్పి చూశారు. "దీనికి నంబరు ఏమని ఎయ్యాలె మేడం?" అని కాసేపు తల గోక్కుని, నంబరు సంగతి తర్వాత చూద్దామని, ఒక కవర్లో పెట్టి, సంపుటం వెనక అట్ట లోపల స్వయంగా అతికించారు. సాయంత్రం రైలుకు నాకు సీటు లేదు, కానీ ఆ పేపర్ల కట్టను మాత్రం ఎవరి కాళ్ల కిందా పడనివ్వలేదు.

ఆ ఆది ప్రకారం కొత్త తిత్తులు వేశాక, కోతకాలపు పండుగ ఆదివారం మా పెట్టె పలికింది. రెండు స్వరాలు ఇంకా మూలుగుతూనే ఉన్నాయి కానీ గాలి మాత్రం ఆఖరి చరణం దాకా నిలిచింది. నేను వాయిస్తూనే ఏడ్చాను, దాచుకోను. కమిటీ పెద్దాయన కీబోర్డు మాట మళ్లీ ఎత్తలేదు. ఎక్కడో ఇంగ్లండ్‌లో ఒక మనిషి ఓపిగ్గా గీసిన గీతని తార్నాకలో ఒకామె జాకెట్టు ఆదిలా జాగ్రత్తగా దాచింది. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. వాళ్లిద్దరి చేతిపనీ ఇప్పుడు మా చర్చిలో నా కాళ్ల కింద ఉంది. ఒక పత్రిక కోసం బయలుదేరిన నేను అంతకన్నా ఏం కోరుకోగలను?

మీరూ ఇలాంటి విదేశీ పత్రికల కోసం వెళితే నాది ఒక్కటే సలహా: బైండు సంపుటంలో విడి షీట్లు ఉండవు, కాబట్టి ఆ పత్రికలు ఇచ్చిందెవరో అక్కడివాళ్లను తప్పకుండా అడగండి. ఆ ఎర్ర అట్టల సంపుటమే మీ చేతికి వస్తే, వెనక కవర్లో మడిచిన తెలుగు న్యూస్‌పేపర్ కనిపిస్తుంది. దయచేసి చెత్త అనుకుని తీసేయకండి. పత్రికలో అసలైన పేజీ అదే.