బెయిల్ వచ్చింది, ప్రకాశ్ రాలేదు: గాజియాబాద్ కోర్టులో ఒక రోజు

నేను ఢిల్లీలో చదువుతున్న క్రిమినల్ జస్టిస్ పాలసీ అనాలిసిస్‌తో ఏం ఉద్యోగం వస్తుందని ఈ బ్లాగు చదివేవాళ్లు తరచూ అడుగుతుంటారు. పరిశోధన సంస్థలున్నాయి, న్యాయ సహాయం చేసే సంస్థలున్నాయి, జైళ్ల సంస్కరణ మీద నివేదికలు రాసే పనులున్నాయి. జీతం ఢిల్లీ అద్దెకు సరిపోతే అదృష్టమే. బెయిల్ వచ్చినా జైల్లోనే ఉండిపోయేవాళ్ల గురించి నా ప్రాజెక్టు. అందుకే పోయిన సోమవారం గాజియాబాద్ కోర్టుకు బయలుదేరాను.

లక్ష్మీ నగర్‌లో ఉదయం తొమ్మిదింటికి మెట్రో ఎక్కితే పావుగంటలో వైశాలి. అక్కడినుంచి షేర్ ఆటోకి ముప్పై నలభై రూపాయలు, ట్రాఫిక్ బాగుంటే ముప్పావుగంట. ఆ రోజు పొగమంచులో ముందున్న బండి కూడా కనిపించలేదు. ఏం చదువుతున్నావని డ్రైవర్ అడిగాడు. వకీలునూ కాను, జడ్జినీ కానని తెలిశాక, "తో ఫిర్ క్యా కరోగీ, దీదీ?" అన్నాడు, మరింకేం చేస్తావక్కా అని. రిపోర్టు రాస్తానన్నాను. రేడియో సౌండు పెంచుకున్నాడు.

కోర్టు వరండాలో మార్తమ్మ ఆంటీ అనే తెలుగావిడ పరిచయమైంది. నరసాపురం మనిషి, వైశాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. కొడుకు ప్రకాశ్‌ని ఫోన్ దొంగతనం కేసులో పట్టుకెళ్లారు. బెయిల్ వచ్చి వారం దాటినా జామీను ఇచ్చేవాళ్లు లేక విడుదల కాలేదు. ఇద్దరు కావాలని వకీలు చెబితే, ఆవిడ చర్చినే వెంటబెట్టుకొచ్చింది. పాస్టరుగారు, నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సులు, అందరూ వరసగా నిలబడ్డారు. చర్చిలో ఒకరి మంచితనానికి నలుగురు లేచి సాక్ష్యం చెబుతారు. ఇక్కడా అంతే అనుకుంది పాపం.

గుమాస్తా తలెత్తకుండానే ఇంటి కాగితాలో, బండి ఆర్‌సీయో, గవర్నమెంటు జీతం చీటీయో చూపించమన్నాడు. అందరివీ అద్దె ఇళ్లే. పాస్టరుగారి స్కూటరుది భీమవరం రిజిస్ట్రేషన్. లోకల్ కావాలి, చెల్లదన్నాడు.

ఆంటీ నన్ను పక్కకు తీసుకెళ్లింది. "చదూకున్నదానివి కదమ్మా, నువ్వు సంతకం పెట్టవా? మావోడు ఎక్కడికీ పారిపోడమ్మా."

"నాదీ అద్దెకున్న పీజీ రూమే ఆంటీ. నా సంతకం కూడా చెల్లదు."

నిజమే చెప్పాను. అయినా తల కొట్టేసినట్టయింది. ఆవిడ నన్నొక్క మాట అనలేదు. బయటికొచ్చాక, ఇంటికి తీసుకెళ్తూ దారిలో ప్రకాశ్‌కి పెడదామని తెచ్చిన కోడికూర డబ్బా విప్పి, టీ బండి పక్క బెంచీ మీద మా అందరికీ వడ్డించింది. అలాగే ఇంటికి తిరిగి పట్టుకెళ్లలేనంది. డబ్బా ఖాళీ అయ్యేదాకా తిన్నాం.

తిరుగు మెట్రోలో ప్రాజెక్టు కోసం ఫోనులో ఒక వాక్యం రాసుకున్నాను: స్థానిక జామీనుదారులు లేక విడుదల ఆలస్యం. తప్పేమీ లేని వాక్యం. చదివితే నాకే అసహ్యం వేసింది. ఈ చదువు మానను. ఆ నిబంధన మార్చమని ఎవరో ఒకరు రాయాలి కదా. కానీ నేను రాసేదాకా ప్రకాశ్ లోపలే ఉంటాడా?

కోర్టులు చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఒక సలహా. ఆధార్ కార్డు, మంచినీళ్లు ఎలాగూ పట్టుకెళ్తారు. రేపు మీరే లోపల పడితే ఈ ఊళ్లో మీకు జామీను నిలబడేది ఎవరో కూడా ముందే అనుకుని వెళ్లండి. వైశాలి నుంచి లక్ష్మీ నగర్ దాకా నేనూ ఆలోచించాను. ఒక్క పేరూ తట్టలేదు.