నాన్నకు ప్రధానమంత్రి అంటే ప్రాణం

కొత్త శతాబ్దం పుట్టగానే కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా చచ్చిపోతాయని ప్రపంచం హడలిపోతున్న ఆ రోజుల్లో, నాకు మాత్రం బడి అంటేనే భయం. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పాత కంప్యూటర్లు బాగుచేయగలడని సిడ్నీలో ఒక ఆఫీసువాళ్లు నాన్నను పిలిస్తే, ఆ ఊరి శివారు గిరావీన్‌లో అద్దె ఇంట్లో దిగాం. అంతకుముందు ఆయన ఉద్యోగం ఒక ఎడారి దేశంలో, చమురు కంపెనీలో. ఆ దేశం పేరు మా ఇంట్లో ఇప్పటికీ పైకి అనం. (అలవాటు, అంతే.)

అక్కడి పాఠ్యపుస్తకాల్లో నాయకుడు లేని పేజీ ఉండేది కాదు. లెక్కల్లో కూడా ఆయన పొద్దున ఐదు వంతెనలు, సాయంత్రం మూడు వంతెనలు కట్టేవాడు. మొత్తం ఎన్నో చెప్పి, చప్పట్లు కూడా కొట్టాలి. వారానికోసారి టీచరమ్మ ఒక్కొక్కరినీ లేపి తియ్యగా అడిగేది: "నాయకుడు టీవీలో మాట్లాడేటప్పుడు మీ నాన్న ఏం చేస్తాడు?" నా పక్కన కూర్చునే పిల్లవాడు, పాపం, ఉన్నమాట చెప్పేశాడు. "ఆవులించి టీవీ కట్టేస్తాడు" అని. టీచరమ్మ వాడికి చాక్లెట్ ఇచ్చింది. ఆ వారంలోనే వాళ్ల నాన్నను ఎవరో తీసుకెళ్లారు. ఆయన మళ్లీ రాలేదు. వాడు మాత్రం బడికి వస్తూనే ఉన్నాడు, అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతూ.

ఆ సంగతి తెలిసినప్పటి నుంచి అమ్మ అన్నం పెడుతూ నాచేత పాఠం అప్పజెప్పించుకునేది.

"మీ నాయన ఏం చేస్తాడురా?"

"లేచి నిలబడతాడు. ఏడుస్తాడు. నాయకుడికి నూరేళ్లు ఆయుష్షు ఇమ్మని దేవుణ్ని అడుగుతాడు."

"ఇంగేమన్నా అంటాడా?"

"ఏమీ అనడు."

"నా బంగారు." అప్పుడు ముద్ద.

ఇక్కడి బడిలో కూడా పిల్లల్ని కార్పెట్ మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ లేపి ఇంటి విశేషాలు చెప్పమన్నారు. దానికి 'న్యూస్' అని పేరు. ఏ దేశమైనా బడి బడే అనుకున్నాను. ఒక పిల్ల లేచి, వాళ్ల డాడ్ పెరట్లో బార్బీ అనే మాంసం కాల్చే పొయ్యి మీద సాసేజిలు మాడ్చి, బూతులు తిట్టుకున్నాడని చెప్పింది. మిస్ నవ్వింది. అయ్యో, ఈ పిల్లకు ఇక తండ్రి దక్కడని నాకు ఏడుపొచ్చింది. అంతలో నా వంతు వచ్చింది. చేతులు కట్టుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పాను: "మా నాన్నకు ప్రధానమంత్రి అంటే ప్రాణం. ఆయన టీవీలో కనబడితే లేచి నిలబడి ఏడుస్తాడు." (ఆ ప్రధానమంత్రి ఎవరో నాకు తెలియదు.) క్లాసంతా పడీపడీ నవ్వింది. మిస్ నవ్వలేదు.

మర్నాడు నాన్నను పిలిపించింది. టై కట్టుకుని, పాలిపోయిన ముఖంతో వచ్చి, పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. మిస్ జరిగింది చెప్పి, "ఇక్కడ ఎవరినైనా ఏమైనా అనొచ్చు. ప్రధానమంత్రిని నేనే రోజూ తిడతాను," అంది. నాన్నకు ఈ ఎత్తు తెలుసు: ముందు వాళ్లు తిట్టి, తర్వాత మనచేత తిట్టించడం. లేచి నిలబడ్డాడు. "మావాడు చెప్పింది నిజమే మేడమ్. చాలా గొప్ప మనిషి," అన్నాడు. నిజంగానే కళ్లనీళ్లు వచ్చాయి.

కారెక్కాక, "మంచిపని చేసినావు నాయనా," అని నా తల నిమిరాడు.

"మిస్ మంచిదే అనుకుంటా నాయనా," అన్నాను.

"ఆడ టీచరమ్మ గూడా మంచిదే గదరా. చాక్లెట్ ఇచ్చింది."

నాన్న ప్రాణం నేనే కాపాడానని ఆ సాయంత్రమంతా ఛాతీ విరుచుకుని తిరిగాను. ఆ బుల్లి వీరుణ్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. తర్వాత ఎందరో ప్రధానమంత్రులు మారారు. నాన్నకు ఎవరంటే ఇష్టమో, ఎవరంటే ఒళ్లుమంటో నాకు తెలియదు. మొన్న ఎన్నికలప్పుడు, ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం కదా అని అడిగాను. నాన్న నావైపు చూసి, "అందరూ మంచోల్లే నాయనా," అన్నాడు. నా జుట్టు నెరుస్తోంది గానీ, ఆయనకు నేనింకా తెల్లారితే బడికెళ్లే పిల్లవాణ్నే.