ముదురు పాకం సెంటు

నేను చదివిన బడికే టీచరుగా వెళ్లబోతున్నాను. ఆ బడిలో నన్ను ‘బెల్లంముక్క’ అని ఏడిపించేవాళ్లు. మాది బెల్లం వండే ఇల్లు మరి! చలికాలం వచ్చిందంటే జడ దగ్గర్నుంచి నోటుపుస్తకాల దాకా పాకం వాసనే. ఈగలొస్తాయని పక్కపిల్ల బెంచీ మారిపోయింది కూడా. ఆ ఉక్రోషం నాకింకా పోలేదు. అందుకే మంచి సెంటు పూసుకుని దొరసానిలా ఆ గేట్లో అడుగుపెట్టాలని పంతం పట్టాను.

ఆమదాలవలసలో సెంట్ల కొట్టుకి నాన్నే బండి మీద తీసుకెళ్లాడు. చలికి తీపి వాసనలే బాగుంటాయని కొట్టమ్మాయి రెండు వెనిల్లా సీసాలు తీసి, రెండు కాగితప్పట్టీల మీద కొట్టి ఇచ్చింది. మొదటిది క్రీమ్ బిస్కెట్ పొట్లం విప్పినట్టుంది. రెండోదీ తీపే, కాస్త ఘాటు. ఎంత పీల్చినా తేల్చుకోలేకపోయాను.

నాన్న రెండు పట్టీలూ నా చేతిలోంచి లాక్కున్నాడు.

“ఏటే ఆ తొందర? పొయ్యి మీదున్న పాకాన్ని వాసన సూసి ఎవులైనా సెప్తారేటి? సల్లారనీ.”

పట్టీలు పట్టుకుని కొట్టు మెట్ల మీద పావుగంట నిలబడ్డాడు. కొట్టమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. నవ్వు తల్లీ నవ్వు, మా ఊళ్లో పొయ్యి మీంచి బెల్లం పెనం దించాలంటే అందరూ ఈయన ముక్కునే అడుగుతారు అనుకున్నాను.

నాన్న లోపలికొచ్చి తేల్చేశాడు. “ఇది లేత పాకం. అప్పుడే సచ్చిపోనాది. ఇదుందే, ముదురు పాకం. దించినోడెవుడో గాని పనోడే! సాయంత్రం దాకా నిలుస్తాది.”

కొట్టమ్మాయి నవ్వు ఆగిపోయింది. “నిజమేనండి, రెండోదే ఎక్కువసేపు ఉంటాది. ఎలా సెప్పీసినారు?”

“మా నాన్న మరి!” అన్నాను, నన్నెవరూ అడక్కపోయినా.

నాన్న మాత్రం మొదటి సీసాని నా వైపు జరిపాడు. “నువ్విది తీసుకో అమ్మీ.”

“అదేటి నానా? రెండోదే మంచిదన్నావు కదా!”

“మంచిదే. గానీ మన బెల్లం పొయ్యి వాసనేస్తంది. మళ్లీ ఎక్కిరిస్తారు నిన్ను.”

ఆ వెక్కిరింతల సంగతి నేను ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కసారి కూడా. ఇన్నేళ్లూ ఆయనకి తెలుసన్నమాట. రెండో సీసా తీసి నా కొంగు మీద కొట్టుకున్నాను, ఆయన చొక్కా మీదా కొట్టాను.

“ఎక్కిరించమను నానా,” అన్నాను, కొట్టంతా వినపడేలా. “బెల్లం వండినోడి కూతుర్నని నేనే సెప్తాను.”