మేడమీది రెండు గదులు

డాక్టరమ్మకి అరవై దాటాయి. వైద్యం చదివే పిల్లలు పని నేర్చుకోవడానికి ఆమె క్లినిక్‌కి వస్తుంటారు. "మీరు స్పెషలిస్టు ఎందుకు కాలేదు మేడమ్?" అని వాళ్ళలో ఎవరో ఒకరు అడక్కమానరు. అడిగినప్పుడల్లా ఆమెకి మేడమీది రెండు గదుల్లో గడిపిన తొలిరోజులు కళ్ళ ముందు మెదులుతాయి.

చదువు చివరి ఏడాది ఆమెనీ అలాగే ఒక ముసలి డాక్టరుగారి దగ్గరికి పంపారు. కింద దర్జీ షాపు, పైన రెండు గదులు. రోగి గుండె వినాల్సి వస్తే ఆయన చెప్పుకాలితో నేలమీద తట్టేవారు. కింద కుట్టుమిషన్లు ఆగేవి. విన్నాక మళ్ళీ తట్టేవారు.

ఆపరేషన్లు చేద్దామని కలలుకన్న పిల్లకి జలుబులూ నడుంనొప్పులూ కంటికేం ఆనుతాయి? రోజులు నెడుతూ ఉండగా, ఒక బస్సు డ్రైవరు తలనొప్పని వచ్చాడు.

"నువ్వు చూడమ్మాయ్," అని డాక్టరుగారు పక్కకి జరిగారు.

అన్నీ చూసినా ఏమీ తేలలేదు. ఊరికే మాటల్లో పెట్టింది. భార్య పోయిందనీ, ఇంటికెళ్ళాలంటే కాళ్ళు రాక డ్యూటీ మీద డ్యూటీ చేస్తున్నాననీ చెప్పి ఆ మనిషి బావురుమన్నాడు. ఆమెకేం తోచక మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చుంది.

"మందేం రాయనండీ?" అని తర్వాత డాక్టరుగారిని అడిగింది.

"వచ్చేవారం రమ్మను. నువ్వే చూద్దువుగాని."

అతను వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. "తలనొప్పి కాస్త నయమమ్మా. నిన్న ఇంట్లోనే పడుకున్నా," అన్నాడు. ఆపై వారం వాళ్ళక్కని వెంటబెట్టుకొచ్చి, "ఈవిడే మా డాక్టరమ్మ," అని చూపించాడు.

పెద్దాసుపత్రిలో ఎందరినో చూసింది. గేటు దాటాక వాళ్ళేమయ్యారో ఒక్కరి సంగతీ తెలీదు. ఇక్కడ మనుషులు మళ్ళీ వస్తున్నారు. ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే ఆమెకి ఎందుకో ఈల వెయ్యాలనిపించింది.

తానూ ఇలాంటి డాక్టరునే అవుతానని సర్జన్ అయిన బాబాయికి చెబితే ఒంటికాలి మీద లేచాడు. "బంగారంలాంటి చేతులు పెట్టుకుని జలుబులకి మందులు రాస్తావా?"

"రాస్తాను బాబాయ్."

చాన్నాళ్ళు మూతి ముడుచుకుని, చివరికి తన మోకాళ్ళ నొప్పి చూపించుకోడానికి నసుగుతూ వచ్చాడు.

ముసలి డాక్టరుగారు ఓపిక తగ్గాక ఆ గదులు ఆమెకే అప్పగించారు. డ్రైవరు రిటైరయ్యాక కూడా వచ్చేవాడు, సగం రోజులు ఉత్త కబుర్లకే. అతను పోయిన పొద్దున అతని కూతురు మొదట ఆమెకే ఫోన్ చేసింది. డాక్టరమ్మ క్లినిక్ మూసి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి బయట బల్లమీద జనం కూర్చునే ఉన్నారు. ఆలస్యమైందని ఎవరూ అనలేదు. డ్రైవరు వాళ్ళకీ తెలిసినవాడే.