పచ్చి ఆముదాలు

ఆముదం గింజల్ని పచ్చిగా రుబ్బమన్న మనిషి మా పుట్టింట్లోనూ అత్తింట్లోనూ మా ఆయనొక్కడే. ఆముదాలంటే ముందు మూకుడులో వేయించాలి, దంచాలి, నీళ్లలో ఉడికించి నూనె తీయాలి. ఆడవాళ్లందరికీ చేతికి పట్టుబడిన పని అది.

యుద్ధం రోజులు. చింతామణిలో మాకు సబ్బుల బట్టీ ఉండేది. కాస్టిక్ సోడా రాక బట్టీ చల్లారింది. ఆయన అన్నం కూడా సరిగా తినేవాడు కాదు. బెంగళూరులో ఎవరో చెప్పారట, పచ్చి ఆముదం గింజలో ఒక సత్తువ ఉందని. గింజల ముద్దను కాస్త పులుపు నీళ్లతో నూనెలో కలిపి గోరువెచ్చగా ఉంచితే నూనె విడిపోతుందట. ఇక కాస్టిక్ అక్కర్లేదు, చవుడుమట్టి నుంచి తీసిన సోడాతోనే సబ్బు అవుతుందట.

మొదటిసారి అలవాటుకొద్దీ వేయించేశాను. నూనె నూనెలాగే ఉండిపోయింది.

"వేడి తగిల్తే ఆ సత్తువ సచ్చిపోతాది. నీకెన్ని తూర్లు చెప్పేది?" అని కసిరాడు.

రెండోసారి పచ్చివే రుబ్బాను. సబ్బు కుదిరింది. ఆయన మొహం చూసి నేనూ మురిసిపోయాను, నా మొహం మండ. వాడిన ముద్దను గుడ్డలో మూటకట్టి మళ్లీ నూనెలో ముంచి చూసేవాడు. సత్తువ మిగిలేది కాదు. మళ్లీ పచ్చి గింజలే కావలసివచ్చేవి.

పొట్టు కొట్టి చెరిగేటప్పుడు లేచే దుమ్ము నాకు పడలేదు. మొదట తుమ్ములు, తర్వాత పడుకోలేనంత ఆయాసం. గూళూరులో పుట్టింటికి పోతే తగ్గేది. తిరిగొచ్చి చేట పట్టుకుంటే మళ్లీ మొదలు.

"ఈ గింజల వల్లే నాకు ఊపిరాడకుండా ఉండాది" అన్నాను.

"అట్లయితే నువ్వు చెయ్యొద్దులే" అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. మర్నాడు నా చేట ఆయన అక్క చేతిలో ఉంది. మొగుడు పోయి మా పంచన చేరిన మనిషి, కాదనే నోరు ఆమెకెక్కడిది?

"వదినా, దగ్గొస్తే చెప్పు" అన్నాను.

"నాకేమైతాదిలేమ్మా. ఊరికే కూర్చోని తినేదానికన్నా ఇది మేలు" అంది.

నెల తిరక్కుండానే, ఒక పొద్దున గోడ అవతల నుంచి పిల్లికూతల ఊపిరి వినిపించింది. నాకు బాగా తెలిసిన చప్పుడది. లేచి పొయ్యి రాజేసి, బట్టీ కోసం తెచ్చిన పచ్చి గింజలన్నీ మూకుడులో పోసి నల్లగా వేయించాను. వాసనకు ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తాండావే?"

"నాకు అలవాటైన పని చేస్తాండా."

చెయ్యెత్తాడు. అంతలో గోడ అవతల మళ్లీ ఆ కూత. ఎత్తిన చెయ్యి దించి పొయ్యి పక్కనే కూలబడ్డాడు.

బట్టీ ఆ రోజుతో మూతపడింది. వదినకు మాత్రం ఆ ఆయాసం కడదాకా పోలేదు.